త్రాసులో రెండో పళ్లెం: మెథోట్రెక్సేట్‌తో నా అనుభవం

నా కీళ్లజబ్బుకు డాక్టర్ రాసిన మందు మెథోట్రెక్సేట్. దాని పెట్టెలో మడతలు పెట్టి ఉంచే కాగితాన్ని పూర్తిగా విప్పితే సగం బల్ల నిండుతుంది. వికారం, నోటిపూత, జుట్టు రాలడం, కాలేయం దెబ్బతినడం, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ తగ్గిపోవడం, ఊపిరితిత్తుల్లో వాపు, గర్భంలో బిడ్డ ఉంటే ఆ బిడ్డకు హాని. అన్నీ చిన్న అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి. చదివి భయపడనివాళ్లు ఉంటారని నేను అనుకోను. డాక్టర్‌కు ఫోన్ చేసి, ఇంకోసారి మాట్లాడాకే మొదలుపెడతానని చెప్పాను. ఆవిడ విసుక్కోలేదు. “ఆ కాగితం కూడా తీసుకురండి, కలిసి చదువుదాం” అన్నారు. నా వైద్యంలో నాకు జరిగిన మొదటి మేలు అదే.

నాకున్నది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల లోపలి పొర మీదే దాడి చేసే జబ్బు ఇది. వయసు మీద పడి మోకాళ్లు అరిగితే వచ్చే నొప్పి వేరు. నాకు రెండు చేతుల వేళ్ల కణుపులూ ఒకేసారి వాచాయి. పొద్దున లేచాక గంట దాటినా గుప్పిట ముడుచుకునేది కాదు. గుండీ పెట్టుకోవాలన్నా, సీసా మూత తిప్పాలన్నా ఇంకొకరిని పిలవవలసి వచ్చేది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం నా పని. సన్నకుంచె వేళ్ల మధ్య నిలవడం మానేసిన రోజున నాకు నిజంగా భయం వేసింది. రక్తపరీక్షల్లో యాంటీ సీసీపీ, అంటే ఈ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీ, పాజిటివ్ అని వచ్చింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా ఎక్కువగానే ఉన్నాయి.

మొదట నాకు ఇచ్చింది ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు 10 మిల్లీగ్రాములు. కొద్ది రోజుల్లోనే వాపు దిగింది, గుప్పిట ముడుచుకుంది, కుంచె మళ్లీ చేతికి వచ్చింది. ఇంత సుఖం ఇంత చిన్న మాత్రలో ఉన్నప్పుడు ఆ పెద్ద మందు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. నిద్ర మాత్రం తగ్గింది, ఆకలి పెరిగింది, ముఖం కొంచెం గుండ్రబడింది. కనిపించని నష్టాలు ఇంకా ఉన్నాయని డాక్టర్ చెప్పారు. స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడితే ఎముకలు పలచబడతాయి. ఆ నష్టం ఎప్పుడో ముసలితనంలో మొదలయ్యేది కాదు, తొలి ఆరు నెలల్లోనే జోరుగా సాగుతుంది. రక్తంలో చక్కెర, రక్తపోటు పెరగవచ్చు, కళ్లలో శుక్లాలు రావచ్చు. పైగా ఎక్కువ కాలం వాడాక ఒక్కసారిగా మానేయకూడదు. బయటినుంచి మందు అందుతున్నంత కాలం, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. అవి మళ్లీ కోలుకునేదాకా మోతాదును మెల్లగా దించుతూ రావాలి.

ఈ రెండు మందులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకొక సంగతి అర్థమైంది. ప్రెడ్నిసలోన్ మేలు మొదటి వారంలోనే తెలుస్తుంది, కీడు నెలల తరువాత బయటపడుతుంది. మెథోట్రెక్సేట్‌కు ఇది తలకిందులు. వికారం మొదటి వారంలోనే మొదలవుతుంది, మేలు కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఒంటికి ఏది ముందు తెలిస్తే మనసు దాన్నే నమ్ముతుంది. అందుకే చాలామంది మొదటి మందును వదలలేరు, రెండో మందును పట్టుకోలేరు.

డాక్టర్ దగ్గరికి కాగితంతో పాటు నా ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. అన్నిటికంటే పైన రాసుకున్న ప్రశ్న: “ఈ మందు వేసుకోకపోతే నాకు ఏమవుతుంది?” ఆవిడ నా చేతుల ఎక్స్‌రేను వెలుతురు పలక మీద పెట్టి, చూపుడు వేలి మొదటి కణుపు దగ్గర ఎముక అంచున చిన్న గంటు లాంటిది చూపించారు. “ఇది జబ్బు తిన్న చోటు. ఇక్కడ ఎముక మళ్లీ పూడదు. చికిత్స లేకపోతే ఇలాంటివి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తాయమ్మా. మీరు తెచ్చిన కాగితంలో మందు ఏం చేయగలదో ఉంది, జబ్బు ఏం చేయగలదో లేదు” అన్నారు.

ఆ మాటతో నాకు పెద్దమ్మ చేతులు గుర్తుకొచ్చాయి. ఆమె వేళ్లన్నీ చిటికెన వేలి వైపు వాలిపోయి ఉండేవి. పెద్ద మందులంటే భయంతో జీవితమంతా నొప్పి మాత్రలతోనే నెట్టుకొచ్చింది. ఆ మాత్రలు నొప్పిని తగ్గించాయి గానీ జబ్బును ఆపలేదు. అవీ ఊరికే పోలేదు, కడుపులో పుండ్లు పడ్డాయి, చివర్లో మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఏ మందూ వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ దుష్ఫలితాలు ఉంటాయి. వాటిని ఎవరూ కాగితం మీద అచ్చువేసి పెట్టెలో పెట్టరు. త్రాసులో రెండో పళ్లెం అది. అది ఖాళీగా ఉందనుకుని తూచితే ప్రతి మందూ విషంలాగే తోస్తుంది.

ఇక కాగితంలో ఉన్నవాటి సంగతి. అవన్నీ ఒకే బరువు కలవి కావు. ఐరోపాలో మందుల సమాచార పత్రాలు రాసేటప్పుడు ఒక్కో మాటకు ఒక్కో లెక్క పాటిస్తారు. ‘చాలా సాధారణం’ అంటే పదిమందిలో ఒకరికి లేదా అంతకన్నా ఎక్కువ మందికి వచ్చేది. ‘సాధారణం’ అంటే వందలో ఒకరి నుంచి పది మంది దాకా. ‘అరుదు’ అంటే వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ, ‘చాలా అరుదు’ అంటే పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ. నేను పెన్సిలుతో ఆ కాగితాన్ని మూడు గుంపులుగా విడదీశాను: తరచుగా వచ్చినా ఓర్చుకోగలిగేవి, అరుదైనా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసినవి, రక్తపరీక్షతో ముందే పట్టుకోగలిగేవి. వికారం మొదటి గుంపు. పొడిదగ్గుతో ఆయాసం రావడం, జ్వరంతో గొంతునొప్పి రావడం, కారణం లేకుండా ఒంటి మీద కమిలిన మచ్చలు పడటం రెండో గుంపు. కాలేయం, రక్తకణాలు మూడోది. పేజీ నిండా ఉన్న భయం మూడు పనులుగా మారేసరికి ఊపిరి పీల్చుకున్నాను.

లెక్కలు చెప్పే తీరు కూడా మనల్ని భయపెట్టగలదు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వెలువడింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు పాతవాటితో పోలిస్తే రెట్టింపు అన్నారు. రెట్టింపు అనగానే వేలాది స్త్రీలు మాత్రలు మానేశారు. ఆ మాట వెనక ఉన్న అసలు లెక్క ఏడు వేల మందిలో ఒకరికి రావలసింది ఇద్దరికి రావడం. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 పెరిగాయి. రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలకన్నా గర్భంతోనే ఎక్కువ. అంటే భయం కొద్దీ మాత్ర మానేసినవాళ్లలో కొందరు అంతకన్నా పెద్ద ముప్పులోకి వెళ్లారు. ఇది చదివాక నేను ‘ఎన్ని రెట్లు’ అని అడగడం మానేసి ‘ఎంతమందిలో ఎంతమందికి’ అని అడగడం మొదలుపెట్టాను.

మెథోట్రెక్సేట్ గురించి అలాంటి సమాధానం ఒకటి దొరికింది. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గుండెజబ్బు ఉన్న 4,786 మందిని రెండు గుంపులు చేసి, సగం మందికి తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్, సగం మందికి మందులేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకు తెలియదు. ఏదో ఒక ఇబ్బంది కలిగిందన్నవారు మందు గుంపులో 87 శాతం, ఉత్త మాత్ర గుంపులో 81 శాతం పైచిలుకు. మందు వేసుకోనివారికి కూడా తలనొప్పులు, కడుపు ఇబ్బందులు, దగ్గులు వచ్చాయి. మనుషులకు ఎలాగూ వచ్చేవే అవి. అలాగని మందు నిర్దోషి అని తేలలేదు. జీర్ణకోశ సమస్యలు, ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల ఇబ్బందులు, రక్తకణాలు తగ్గడం, చర్మ క్యాన్సర్లు మందు గుంపులో నిజంగానే ఎక్కువ. ఆ తేడా ఎంతో తెలిసినప్పుడే దాన్ని నా చేతుల పక్కన పెట్టి తూచగలిగాను.

అయినా ఒకరి తూకం ఇంకొకరికి పనికిరాదు. మొదలుపెట్టే ముందు నాకు హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారు. కాలేయం, మూత్రపిండాల పనితీరు చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా మూత్రపిండాల గుండానే కాబట్టి, అవి బలహీనంగా ఉన్నవారిలో మామూలు మోతాదే విషమవుతుంది. మద్యం అలవాటు ఉందా అని అడిగారు. ఆస్పత్రిలో ఎదురుచూసే హాల్లో నా పక్కన కూర్చున్న అమ్మాయికీ నా జబ్బే. ఆమెకు పెళ్లయి ఏడాది, బిడ్డ కావాలని ఉంది. ఆమెకు ఈ మందు ఊసే ఎత్తలేదు. గర్భధారణలో కూడా వాడదగిన హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ రాశారు. జబ్బు పేరు ఒకటే, పళ్లేలలో పెట్టిన బరువులు వేరు.

“మరి సహజమైన మందులకు దుష్ఫలితాలు ఉండవుగా?” అని సలహా ఇచ్చినవారు చాలామంది. వాళ్లు నా మేలు కోరే చెప్పారు. కానీ కాగితం లేని మందుకు కీడు లేదని కాదు అర్థం, దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. లెక్కపెట్టిన మందే నాకు నయమనిపించింది.

మందు మొదలుపెట్టేటప్పుడు డాక్టర్ మందుచీటీ మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాసి చుట్టూ గీత గీశారు. మెథోట్రెక్సేట్‌ను కీళ్లజబ్బుకు వారానికి ఒక్కసారే వాడాలి. వారపు మోతాదును పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ వికారాన్ని, కాలేయపు ఎంజైములు పెరగడాన్ని తగ్గిస్తుంది. నాకు వచ్చినవి రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే. అందుకని వాటిని వేరువేరు అరల్లో పెట్టాను. మెథోట్రెక్సేట్ డబ్బా మూత మీద నల్ల సిరాతో ‘ఆది’ అని పెద్దగా రాశాను. ఇంట్లోవాళ్లకు కూడా చూపించాను. నేను లేవలేని రోజున మాత్ర అందించేది వాళ్లే కదా.

మొదటి వారాలు కష్టంగా గడిచాయి. సోమవారమంతా కడుపులో తిప్పేది, నీరసం. నోట్లో చిన్న పుండ్లు. కీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అక్క చూడలేకపోయింది. “ఆపేయవే, వాపు తగ్గకపోగా ఒళ్లు గుల్ల చేసుకుంటున్నావు” అంది. ఆమెకు జవాబు చెప్పడానికే నేను నోటుపుస్తకంలో రెండు గడులు గీశాను. ఎడమవైపు మందు వల్ల కలిగే బాధలు: వికారం ఎన్ని గంటలు, నోటిపూత ఉందా లేదా, ఆ రోజు పని ఆగిందా. కుడివైపు జబ్బు లెక్క: లేచాక వేళ్లు వదులయ్యేదాకా ఎన్ని నిమిషాలు, గుప్పిట పూర్తిగా ముడిచినప్పుడు వేళ్ల కొనలు అరచేతిని తాకుతున్నాయా, కుంచె ఎంతసేపు పట్టుకోగలిగాను. వికారం తనంతట తానే గుర్తుంటుంది. వేళ్లు నిన్నటికన్నా ఐదు నిమిషాలు ముందు వదులయ్యాయన్నది రాసుకోకపోతే ఎవరికీ తెలియదు.

మోతాదు 10 మిల్లీగ్రాములతో మొదలై, మెట్లుమెట్లుగా 20కి పెరిగింది. రెండు నెలలు దాటాక కుడివైపు గడి మారడం మొదలైంది. గంటకు పైగా ఉండే బిగుతు ముప్పావు గంటకు, అక్కణ్నుంచి అరగంటకు, తరువాత పదిహేను నిమిషాలకు దిగింది. ఒక పొద్దున వేళ్ల కొనలు అరచేతిని తాకాయి. ఆ పుస్తకం తెచ్చి అక్క ముందు పెట్టాను. ఆమె పేజీలు వెనక్కి తిప్పి, మొదటి పేజీ నుంచి మళ్లీ చదివి, ఆ తరువాత ఆపేయమని ఎప్పుడూ అనలేదు. ప్రెడ్నిసలోన్‌ను మెల్లగా దించి మానేయగలిగింది కూడా ఆ నెలల్లోనే.

ఎడమవైపు గడి మాత్రం అంత సులువుగా మారలేదు. కొంతకాలానికి ఆదివారం మాత్ర వేసుకోకముందే, ఆ పసుపు రంగు చూడగానే కడుపులో తిప్పడం మొదలైంది. ఇది నా బలహీనత అనుకుని చెప్పడానికి మొహమాటపడ్డాను. డాక్టర్ మాత్రం “ఈ మందులో ఇది అందరికీ తెలిసిన సంగతే. పిల్లల్లో మరీ ఎక్కువ. ఒళ్లు నేర్చుకున్న వికారం ఇది” అన్నారు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మందుల మీద 2020లో వచ్చిన ఒక పరిశోధన గురించి ఆవిడే చెప్పారు. దుష్ఫలితాలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాది పాటు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చారు. మందుతో పడిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతో కూడా పడ్డారు. ఖాళీ సీసా నెలల్లో మాత్రం బాధ బాగా తక్కువగా ఉంది. ఆ బాధ నటన కాదు, ఒళ్లు నిజంగానే నొప్పులు పెట్టింది. కానీ దాని మూలం చాలావరకు మందులోని రసాయనం కాదు, మాత్ర వేసుకోవడమనే పని. మూలం తెలిస్తే చికిత్స మారుతుంది. నా విషయంలో మందు మార్చలేదు, అది లోపలికి వెళ్లే దారి మార్చారు. చర్మం కింద వేసుకునే ఇంజెక్షన్ ఇచ్చారు. ఎక్కువ మోతాదుల్లో మాత్రకన్నా ఇంజెక్షనే ఒంటికి మెరుగ్గా అందుతుంది, కడుపును తక్కువ ఇబ్బంది పెడుతుంది. పసుపు మాత్ర కళ్లముందు లేకపోవడం కూడా పనిచేసి ఉంటుంది. సోమవారాలు నాకు తిరిగి దక్కాయి.

రక్తపరీక్షలు మొదట రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, కుదురుకున్నాక మూడు నెలలకు ఒకసారి. ఏ అంకె వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకుని రాసిపెట్టుకున్నాం: కాలేయపు ఎంజైము సాధారణ గరిష్ఠానికి రెండు రెట్లు దాటితే మోతాదు తగ్గించాలి లేదా ఒక వారం ఆపాలి, మూడు రెట్లు దాటితే మానేయాలి. ఒకసారి నిజంగానే ఆ అంకె రెండు రెట్లకు దగ్గరగా వచ్చింది. రిపోర్టు చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న “రక్తం ఏ రోజు ఇచ్చారు?” అని. ల్యాబ్‌వాళ్లు ఇచ్చిన తేదీ ఇంజెక్షన్ మరునాడు పడింది. మందు తీసుకున్న ఒకటి రెండు రోజులు ఈ ఎంజైములు తాత్కాలికంగా పెరుగుతాయి. తరువాతి మోతాదుకు ముందు మళ్లీ పరీక్షిస్తే మామూలుగా వచ్చింది. అప్పటినుంచి తేదీ నేనే చెప్పి తీసుకుంటున్నాను.

ఇంకో ఘటన ఇంతకన్నా ప్రమాదకరమైంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ వస్తే వేరే చోట చూపించుకున్నాను. అక్కడ రాసిన యాంటీబయాటిక్‌లో ట్రైమెథోప్రిమ్ ఉంది. అదీ మెథోట్రెక్సేటూ రెండూ, రక్తకణాల తయారీకి కావలసిన ఫోలేట్ అనే విటమిన్ పనిని శరీరంలో అడ్డుకునేవే. రెండూ కలిస్తే ఎముక మజ్జ కుప్పకూలవచ్చు. చీటీతో పాటు నేను వాడే మందుల జాబితా కూడా ఇస్తే, ఫార్మసిస్ట్ రెండు కాగితాలనూ కాసేపు మార్చిమార్చి చూసి “ఇది మీకు ఇవ్వలేనండి, ముందు డాక్టర్‌తో మాట్లాడతాను” అని ఫోన్ అందుకున్నారు. వేరే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ మనిషికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. జాబితా పర్సులో ఉంటే చాలదు, ప్రతి కొత్త చీటీతో పాటు అదీ అవతలివారి చేతికి వెళ్లాలి.

ఇప్పుడు ఏడాదికి పైగా నా కీళ్లు నెమ్మదిగా ఉన్నాయి. కొత్త ఎక్స్‌రేలో ఆ పాత గంటు అలాగే ఉంది, పక్కన కొత్తది లేదు. ఈ మధ్య డాక్టర్ మోతాదు తగ్గించే మాట ఎత్తారు. మళ్లీ తూకం మొదలైంది, ఈసారి బరువులు వేరు. తగ్గిస్తే కాలేయానికి, మజ్జకు కొంత వెసులుబాటు. కానీ మందు తగ్గించినవారిలో జబ్బు తిరగబెట్టడం కొత్త కాదు. తిరగబెడితే ఎముక అంచున ఇంకో గంటు పడవచ్చు, అది పూడదు. పూర్తిగా మానేయడానికి నేను ఒప్పుకోలేదు, ఆవిడా కోరలేదు. 20 మిల్లీగ్రాముల నుంచి 15కి దిగాం. పొద్దుటి బిగుతు వరుసగా వారం పాటు అరగంట దాటినా, ఏ కణుపైనా వాచినా, సంప్రదింపుల తేదీ కోసం ఎదురుచూడకుండా పాత మోతాదుకు వెళ్లాలని చీటీ మీదే రాయించుకున్నాను. నోటుపుస్తకంలో గడులు మళ్లీ గీశాను. ఈ మోతాదు మీద మొదటి రక్తపరీక్ష వచ్చే నెలలో, ఆదివారానికి ముందు రోజు.